ఏడుపు వినిపించని గది

పిల్లల కేంద్రాల్లో కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తారు. ఉద్యోగంలో ముందుగా ఏం తెలుసుకోవాలో చెప్పమంటారు. పాలపొడి కలిపే కొలత, పాటలు, ఆటలు, బరువు తూచే పద్ధతి శిక్షణలో నేర్పుతారు. అవి నేను మళ్లీ చెప్పను. పసిపిల్లల కోసం మనం పెట్టిన ఒక నియమం ఆ పిల్లల ఇంట్లో ఏం చేయిస్తోందో కనుక్కోవడం మాత్రం ఎవరూ నేర్పరు. నాకు అది జమ్మికుంటలో ఒక పత్తి మిల్లు పక్కగదిలో తెలిసింది. అదొక్కటి రాస్తాను. నా ప్రమోషన్ల సంగతి ఎవరికీ పనికిరాదు.

మా బాపు హుజూరాబాదులో మగ్గం నేసేవాడు, అవ్వ కండెలు చుట్టేది. మా ఇంట్లో తొట్టెల మగ్గం పక్కనే వేలాడేది. ఒక చేయి రాట్నం మీద, ఒక కాలు తొట్టెల తాడు మీద పెట్టి అవ్వ మమ్మల్ని నలుగురిని పెంచింది. కాబట్టి పనిచేసే తల్లి అంటే ఏమిటో నాకు పుస్తకాలు చెప్పవలసిన అవసరం రాలేదు. 1953లో లక్సెట్టిపేట బాలవాడిలో పంతులమ్మగా చేరాను. అక్కడి పై అధికారి కొంచెం చాదస్తం మనిషి. పిల్లలు చాలామంది వస్తున్నారండీ అంటే, చాలామంది అనే అంకె నాకు రాదమ్మా, ఎంతమందో చెప్పు అనేవాడు. అప్పుడు విసుగొచ్చేది. తర్వాత ఆ అలవాటే నాకు అంటుకుంది. ఏ గదిలోకి వెళ్లినా మొదట తలలు లెక్కపెడతాను, తర్వాత మాట్లాడతాను.

సేటు ఇచ్చిన గది

1958 డిసెంబరులో నన్ను జమ్మికుంటకు మార్చారు. పత్తి సీజను అప్పుడే ఊపందుకుంటోంది. యార్డు నిండా బండ్లు, బజారంతా దూది. నేను వెళ్లింది ఒక జిన్నింగు మిల్లులో కూలీల పిల్లల కోసం తెరిచిన కేంద్రానికి. ఆ మిల్లులో ఆడవాళ్లు మిషన్ల ముందు వరుసగా నిలబడి పత్తి పెట్టేవాళ్లు. గింజ ఒకవైపు, దూది ఒకవైపు పడేది. అంతకుముందు వాళ్ల చంటిపిల్లలు ఆ దూది కుప్పల పక్కనే గోనెల మీద పడుకునేవాళ్లు. గాలిలో దూది నూగు. ముక్కు తుడిస్తే గుడ్డకు తెల్లగా అంటుకునేది.

పిల్లలకు వేరే గది ఇవ్వమని మిల్లు యజమాని సేటును ఒప్పించింది మా జిల్లా అధికారిణి. ఆమె కోస్తా నుంచి వచ్చిన మనిషి, భర్త పోయినావిడ, తెల్లచీర కట్టుకుని బస్సుల్లో ఊళ్లు తిరిగేది. ఆమె ఎంత కష్టపడిందో నాకు తెలుసు కాబట్టి ఆమె గురించి తేలిగ్గా రాయను. ఆరుసార్లు ఆ సేటు గుమ్మం ఎక్కిందట. చివరికి అతను తన గద్దె పక్కనున్న గది ఇచ్చాడు. గద్దె అంటే అతను పరుపు మీద కూర్చుని బేరాలు చేసే చోటు. మంచి గది, సున్నం కొట్టింది, రెండు కిటికీలు, ఒకటి మిల్లు షెడ్డు వైపు. కానీ ఒక షరతు పెట్టాడు. ధర మాట్లాడే వేళ పక్కగదిలో పిల్లలు ఏడవకూడదు. అది అపశకునం, బేరగాళ్లు లేచిపోతారు అన్నాడు. గది దక్కితే చాలనుకుని అధికారిణి ఒప్పుకుంది. గోడ మీద నీలం రంగుతో రాయించారు కూడా: ఎక్కువగా ఏడ్చే పిల్లలు తల్లులకు తిరిగి అప్పగించబడుదురు. ఆ తల్లుల్లో చదువొచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. అయినా పనిలో చేరిన రోజే ప్రతి ఒక్కరికీ మిల్లు మేస్త్రీ అది చదివి వినిపించాడు.

నేను వెళ్లేసరికి కేంద్రం మొదలై నెల దాటింది. పద్నాలుగు తొట్టెలలు, పద్నాలుగు మంది పిల్లలు, ఒక ఆయా. ఆయా పేరు ఎస్తేరమ్మ, మిషను చర్చి కుటుంబం, నలభై దాటిన మనిషి. గది కడిగిన పళ్లెంలా ఉంది. పిల్లలు నిద్రపోతున్నారు. అధికారిణి నన్ను గుమ్మంలో నిలబెట్టి గొంతు తగ్గించి, "చూశారా, ఎంత చక్కగా అలవాటుపడ్డారో. హైదరాబాదులో కూడా ఇంత క్రమశిక్షణ నేను చూడలేదండీ," అంది. ఆమె ముఖంలో సంతోషం నిజమైనది. మిగతా మిల్లులవాళ్లకు చూపించడానికి జనవరి చివర్లో వాళ్లను ఇక్కడికి పిలవాలని కూడా అనుకుంటోంది.

తాడు మీద ఆరిన గుడ్డలు

నాలుగు రోజులు గమనిస్తూ ఉన్నాను. పొద్దున్నే తల్లులు పిల్లలను తెచ్చి తొట్టెలల్లో వేసి షెడ్డుకు పోయేవాళ్లు. పిల్లలు అప్పటికే సగం నిద్రలో ఉండేవాళ్లు. మధ్యాహ్నం తిండి వేళ తల్లులు వచ్చి పాలిచ్చేవాళ్లు. కొందరు పిల్లలు రెండు గుక్కలు తాగి మళ్లీ తల వాల్చేవాళ్లు. సాయంత్రం దాకా గదిలో ఏ అలికిడీ ఉండేది కాదు.

నన్ను పట్టిలాగింది బయట తాడు. పద్నాలుగు మంది చంటిపిల్లలున్న గదికి పగలంతా కలిపి ఎన్ని గుడ్డలు తడవాలి? ఒక్కో పిల్లకు అయిదు వేసుకున్నా డెబ్బై. తాడు మీద ఇరవై కూడా లేవు. తాగితే కదా తడిపేది, మెలకువగా ఉంటే కదా తాగేది. బరువులు తూచాను. నెల కిందట తూచిన దానికి, ఇప్పటికి తొమ్మిది మందిలో పెరుగుదల లేదు. వాళ్లలో ముగ్గురు తగ్గారు కూడా.

అందరికన్నా తేలికగా ఉన్నది రాజవ్వ కూతురు. రాజవ్వ సాలె ఇంటి కోడలు. మగ్గం మీద బతుకు గడవక మిల్లుకు వచ్చింది. పిల్లకు అయిదు నెలలు, పేరు లక్ష్మి. కిటికీ దగ్గరకు ఎత్తుకుపోయి కనురెప్ప తెరిచి చూశాను. కంటిపాప ఆవగింజంత ఉంది.

ఎస్తేరమ్మను ఎదురుగా కూర్చోబెట్టి అడిగాను. ఆమె చేతిలోని గుడ్డ మడతపెట్టి పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది.

"అభిని పెడ్తరమ్మా. నల్లమందు. పొద్దుగాల గోరంత పాలల్ల రంగరిచ్చి పిల్లలకు నాకిస్తరు. ఇంట్ల ముసలోళ్లు పెట్టుడు మా చిన్నప్పటి సందే ఉన్నది. గని గప్పుడు జలుబుకో, కడుపునొప్పికో ఎప్పుడన్న పెట్టేది. ఇప్పుడు రోజు పెడుతున్నరు."

"నీకు ఎర్కనే ఉన్నదా?"

"ఎర్కలేని ఆయా ఉంటదా. చెప్తె ఏమైతది? పిల్లలు ఏడుస్తరు. సేటు గది మూస్తడు. పిల్లలు మళ్ల దూదిల పడ్తరు." ఇంకో గుడ్డ అందుకుని, "నా నౌకరి గూడ పోతది," అంది.

ఆ చివరి మాట దాచకుండా చెప్పినందుకే ఆమె మీద నాకు గౌరవం కలిగింది. ఆ గదిలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. అదే ఆ గదితో వచ్చిన చిక్కు.

రాజవ్వ జవాబు

మర్నాడు తిండి వేళ తల్లులను కూర్చోబెట్టి నల్లమందు సంగతి ఎత్తాను. అది పసిపిల్లకు విషంలాంటిదని, ఊపిరి ఆగిపోతుందని చెప్పాను. అందరూ తలవంచుకుని రొట్టె తిన్నారు. మేం పెట్టమమ్మా, గా పక్కింటోళ్లు పెడ్తరు అని ఒకరు. మా పిల్లకు నిద్ర ఎక్కువ, నాయిన పోలిక అని ఇంకొకరు. దానికి నలుగురు నవ్వారు. రాజవ్వ నవ్వలేదు.

అందరూ లేచిపోయాక ఆమె ఒక్కతే ఆగింది. కోపంగా లేదు, అలసిపోయి ఉంది.

"పంతులమ్మా, ఏడ్సే పిల్లలను ఉంచుకోం అని గోడ మీద రాసిందే మీరు. మేస్త్రి సదివి చెప్పిండు. ఏడ్వని పిల్లను తెమ్మంటె నేను యాడికెల్లి తేవాలె?"

ఆమె వెళ్లి మిషను ముందు నిలబడింది.

ఈ వృత్తిలోకి వచ్చే ప్రతి అమ్మాయికీ నేను చెప్పేది ఇదే. పేదతల్లి తప్పు చేస్తోందనిపిస్తే, ఉపన్యాసానికి ముందు ఆ తప్పు చేయకపోతే ఆమెకు ఏం పోతుందో కనుక్కోండి. రాజవ్వకు గది పోతుంది. గది పోతే కూలి పోతుంది. ఆమె లెక్క ఆమెకు సరిగ్గానే ఉంది. ఇక గోడమీది రాతను చెరపాలంటే నా చేతిలో లేదు. అది అధికారిణి పెట్టిన నియమం, సేటు పెట్టిన షరతు. వివరంగా రాసి అధికారిణిని రమ్మని కబురు పంపాను. ఆమె వచ్చేలోపే అయింది అది.

దవాఖాన

సోమవారం మధ్యాహ్నం లక్ష్మికి పాలివ్వడానికి రాజవ్వ వచ్చింది. పిల్ల నోరు తెరవలేదు. మామూలే అనుకుని ఆమె బుగ్గ గిల్లింది. నేను దగ్గరకు వెళ్లి చూసేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. ఛాతీ ఒకసారి లేచి, చాలాసేపటికి గానీ మళ్లీ లేవలేదు.

ఇద్దరం రిక్షా ఎక్కాం. నేను దారంతా అరికాళ్ల మీద చిటికెలు కొడుతూనే ఉన్నాను. రాజవ్వ పిల్ల పేరు పిలుస్తోంది, ఏడవడం లేదు. పొద్దున అత్త పెట్టిందట, తను ఎప్పుడూ పెట్టేంత తనూ పెట్టిందట, ఒకరికొకరు చెప్పుకోలేదట. ఇద్దరూ పిల్లను గదిలో ఉంచుకోవాలనే పెట్టారు.

దవాఖానలో డాక్టరు కడుపు కడిగాడు. ఇక్కడ ఇంతకంటే మందు లేదు, పిల్లను నిద్రపోనివ్వకండి, ఊపిరి చూస్తూ ఉండండి అన్నాడు. తడిగుడ్డతో ముఖం తుడవడం, వీపు రాయడం, అరికాళ్లు కొట్టడం. నేను అలసిపోతే రాజవ్వ, ఆమె అలసిపోతే నేను. దీపాలు పెట్టే వేళకు పిల్ల ఒకసారి ముఖం ముడిచింది. పిల్లికూనలా సన్నగా మూలిగింది. డాక్టరు గుండె విని, బతికింది, కానీ అలవాటుపడ్డ ఒళ్లు, మందు ఆగితే వారం పది రోజులు సతాయిస్తుంది, ఓర్చుకోవాలి అన్నాడు.

రాజవ్వ ఆయన కాళ్లకు మొక్కింది. తర్వాత నా వైపు తిరిగి, "రేపటికెల్లి దీన్ని యాడ వెట్టాలె?" అని అడిగింది.

"మన గదిలనే," అన్నాను. ఆ మాట ఇవ్వడానికి నాకు అధికారం లేదు. అయినా ఇచ్చాను.

గోడకు సున్నం

అధికారిణి బుధవారం వచ్చింది. బరువులు చూపించాను, గుడ్డల లెక్క చెప్పాను, దవాఖాన సంగతి చెప్పాను. ఆమె అన్నీ రాసుకుంది. లేచి తొట్టెలల మధ్య నడిచి, ఒక్కో పిల్ల కనురెప్పా తెరిచి చూసింది. చివరి తొట్టెల దగ్గర ఆగి, "నేను వీళ్లను చూసి మురిసిపోయానండీ," అంది. నా కింద పనిచేసేవాళ్ల ముందు అలా అనగల ధైర్యం నాకు ఉందో లేదో ఇప్పటికీ చెప్పలేను. ఆ మధ్యాహ్నమే ఎస్తేరమ్మతో సున్నం తెప్పించి, అధికారిణి తను దగ్గరుండి గోడమీది రాత కొట్టేయించింది.

సేటు దగ్గరకు ఇద్దరం వెళ్లాం. అతను కఠినుడేమీ కాదు. పిల్ల సంగతి విని నొచ్చుకున్నాడు, పాలకని తన సంచిలోంచి డబ్బు తీసివ్వబోయాడు. గది విషయానికి వచ్చేసరికి మాత్రం కదల్లేదు. నల్లమందు ఆపండి, బాగానే ఉంది, కానీ ఏడుపు ఆగాలి అన్నాడు. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయని అధికారిణి అడిగితే, అది మీ పని గదమ్మా అన్నాడు.

గురువారం నుంచి పిల్లలు ఏడ్చారు. లక్ష్మి సంగతి తెలిసి తల్లులు భయపడ్డారు, పద్నాలుగు మందిలో పది మందికి పెడుతున్న మందు ఆగింది. వాళ్లలో లక్ష్మి తప్ప అందరూ ఒకరి తర్వాత ఒకరు ఏడుపు అందుకున్నారు. లక్ష్మి అందరికన్నా నీరసం. ఆమెకు ఏడ్చే బలం కూడా లేదు, వణుకుతూ మూలుగుతూ ఉండేది. ఎస్తేరమ్మ భుజం మీద ఒకరిని, ఒడిలో ఒకరిని వేసుకుని తిరిగేది. మధ్యాహ్నానికి సేటు గుమ్మంలోకి వచ్చాడు.

"ఏంది పంతులమ్మా, ఇది పిల్లల గదా, పీర్ల పండుగా? ఇద్దరు బేరగాళ్లు లేసిపోయిండ్రు."

ఇంకా వారం ఓపిక పట్టమన్నాను. సాయంత్రానికల్లా గది ఖాళీ చేయమన్నాడు.

నేను ఏం చేశానని అడిగితే పెద్దగా ఏం లేదు. ఆ తిండి వేళే షెడ్డుకు వెళ్లి తల్లులకు ఉన్నదున్నట్టు చెప్పాను. రేపటి నుంచి గది ఉండదు, పిల్లలను మళ్లీ మిషన్ల పక్కన పడుకోబెట్టుకోవాలి అన్నాను. మేస్త్రీ అక్కడే ఉన్నాడు. రాజవ్వ రొట్టెముక్క కింద పెట్టి అతనితోనే అంది:

"రేపటికెల్లి మేం రాము. గా అవతలి మిల్లుల మనుషులు దొర్కుతలేరంట. గక్కడ దూదిల పండవెట్టుకున్నా గింతే, ఇక్కడ పండవెట్టుకున్నా గింతే."

మేస్త్రీ నవ్వులాటకు తీసుకోబోయాడు. పక్కనున్న ఆమె, "ఆమె ఒక్కతే గాదు," అంది. యార్డులో బండ్లు బారులు తీరి ఉన్నాయి. మిషన్లు రెండు పూటలా ఆడితేగానీ తెమలని సీజను. మేస్త్రీ లోపలికి పోయి ఏం చెప్పాడో నాకు తెలియదు. సాయంత్రానికి సేటు మనుషులు గద్దె పరుపులు, తక్కెడ ఎత్తుకుపోయి రోడ్డు వైపు వరండాలో వేశారు. అక్కడైతే గాలి బాగుంటుందని అందరికీ చెప్పుకున్నాడు. అతను దయతో ఒప్పుకున్నాడని నేను రాయను. కూలీలు దొరకని సీజను కాబట్టి ఒప్పుకున్నాడు. నాకు అది చాలు. దయ కలిగేదాకా ఆగితే పిల్లలు పెరిగిపోతారు.

ఇంకొకటి మిగిలింది. మిషన్ల మోతలో షెడ్డులో ఉన్న తల్లికి బిడ్డ ఏడుపు వినిపించదు. ఆకలితో ఏడిస్తే ఎవరు పిలవాలి? పిలవడానికి మనిషిని పంపితే మేస్త్రీ ఒప్పుకోడు. దీనికి ఉపాయం నేను, ఎస్తేరమ్మ, తల్లులు కూర్చుని మాట్లాడుకుంటుంటే వచ్చింది. ప్రతి తల్లీ తన పాతచీర కొంగులో జానెడు గుడ్డ చింపి ఇచ్చింది. పిల్ల పాలకు ఏడిస్తే ఎస్తేరమ్మ ఆ తల్లి గుడ్డను షెడ్డు వైపు కిటికీకి కట్టేది. షెడ్డు తలుపులోంచి అది కనబడుతుంది. ఎవరి చీర వాళ్లకు తెలియదా. ఆమె వచ్చి పాలిచ్చి పోయేదాకా పక్క మిషనామె రెండింట్లోనూ పత్తి పెట్టేది. వారం తిరిగేసరికి మేస్త్రీయే, "ఓ రాజవ్వా, నీ ఎర్రగుడ్డ లేసింది," అని కేకవేయడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత మిగతా మిల్లులవాళ్లను అధికారిణి పిలిచింది. గది గోలగా ఉంది. ఆమె వాళ్లకు ముందుగా గోడను కాదు, కిటికీని చూపించింది.

లక్ష్మి

మిగతా పిల్లలు పది రోజుల్లో తేరుకున్నారు. లక్ష్మికి నెల పట్టింది. పిల్ల సరిగ్గా చీకకపోవడంతో రాజవ్వకు పాలు తగ్గిపోయాయి. పాలు తగ్గితే పిల్ల అలసిపోయి వదిలేసేది. దానితో పాలు ఇంకా తగ్గేవి. అందుకే ఆమె గుడ్డను మిగతావాళ్లకంటే ఎక్కువసార్లు కట్టమన్నాను. వచ్చినప్పుడల్లా కొన్ని గుక్కలు. మధ్యలో చెంచాతో పాలపొడి నీళ్లు. ఇంట్లో అత్తకు చెప్పే పని ఎస్తేరమ్మ తీసుకుంది. రెండు ఆదివారాలు చర్చి నుంచి నేరుగా వాళ్లింటికి పోయి, ఆ ముసలామెతో బియ్యం చెరుగుతూ ముచ్చటపెట్టి వచ్చింది. ఏం చెప్పిందో నాకు చెప్పలేదు. నల్లమందు మాత్రం ఆగింది.

పిల్ల బరువు కొంచెం కొంచెంగా పెరిగింది. ఏడుపు మాత్రం అలాగే ఉండేది, సన్నగా, దగ్గరికి వెళ్తేగానీ వినపడనంత. ఇంట్లోనూ అంతేనని రాజవ్వ చెప్పేది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మిషను పట్టీ తెగి షెడ్డు ఆగింది. ఆడవాళ్లు నీళ్లు తాగడానికి బయటికి వచ్చారు. నేను గదిలో రాగి జావ చల్లారుస్తున్నాను. ఒక తొట్టెలలోంచి ఏడుపు లేచింది. ముందు గొంతు సవరించుకున్నట్టు, తర్వాత ఒక్కసారిగా, ఊపిరి బిగబట్టి, గది దాటి యార్డు దాకా పోయేలా. ఎస్తేరమ్మ లేచి పరుగున వెళ్లింది. గుడ్డ కట్టే తీరిక లేకపోయింది.

అప్పటికే రాజవ్వ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చేతిలో నీళ్ల చెంబు.

"ఎవ్వల పిల్లమ్మా, గట్ల ఒర్లుతున్నది? పాలిచ్చేటోళ్లు లేరా?" అంది.

"నీ పిల్లనే," అంది ఎస్తేరమ్మ.

రాజవ్వ లోపలికి రాలేదు. చెంబు కింద పెట్టి, గుమ్మాన్ని పట్టుకుని, ఆ ఏడుపు ఇంకోసారి లేచేదాకా వింది.

"గింత గొంతున్నదా దీనికి," అంది. గడప మీదే కూర్చుని, చేతులకంటిన దూది చీరకు తుడుచుకుని, బిడ్డ కోసం రెండు చేతులూ చాచింది.